బేడీలతో కొల్లేరు ఈదినవాడు

ముప్పై ఏళ్ళకు పైగా విలేకరిగా పనిచేసి రిటైరయ్యాక నాకు దొరికిన పని జైలుకు వెళ్ళడం. ఏ పెళ్ళిలోనో ఈ మాట చెబితే అవతలివాళ్ళు కరచాలనానికి చాపిన చెయ్యి కొంచెం వెనక్కి తీసుకుంటారు. సందర్శకుడిగా అండి, ఖైదీగా కాదు అని చెప్పాక మళ్ళీ ముందుకు చాపుతారు. నెలకోసారి లోపలికి వెళ్ళడం, నాలుగు గదులూ వంటశాలా చూడడం, ఖైదీలతో మాట్లాడడం, పుస్తకంలో నాలుగు ముక్కలు రాసి బయటికి రావడం. జీతం లేదు. టీ ఇస్తారు.

జీతం లేకపోయినా దీన్ని నా ఉద్యోగ జీవితంలోనే కలుపుకుంటాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. ఇప్పుడు జిల్లా డెస్కుల్లో కూర్చుని ఫోన్లలో వార్తలు తీసుకుంటున్న పిల్లల కోసమే ముఖ్యంగా రాస్తున్నాను. మీ మీద కోపంతో కాదు. మీకంటే బాగా నేనే చేశాను ఆ పని.

ఏ జైలో రాయను. ఏలూరులో పొద్దున్న బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి తిరిగి రాగలిగినంత దూరం, అంతే.

మమ్మల్ని వేసిన సందర్భం ఇది. జైళ్ళ నియమాలు మారాయి. ప్రమాదకరమైనవాడని ముద్రపడ్డ ఖైదీని పూర్వం విడి గదిలో పెడితే అతని సంగతి అక్కడితో సరి. కొత్త నియమాలు అలా కుదరదన్నాయి. విడిగా ఉంచవచ్చు, కానీ ఎందుకో కాగితం మీద కారణం రాయాలి. మూడు నెలలకోసారి ఆ కారణం ఇంకా ఉందా అని చూడాలి. చూసేటప్పుడు అతని మాట కూడా వినాలి. నిర్ణయం అతనికి అర్థమయ్యే భాషలో చేతికివ్వాలి. ఈ మార్పు కాగితం దిగి గది తలుపు దాకా వచ్చిందా లేదా చూసి చెప్పమని బయటివాళ్ళను ఇద్దరిని వేశారు. ఒకడిని నేను. రెండో ఆవిడ తాడేపల్లిగూడెంలో ఆడపిల్లల హైస్కూలుకు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన టీచరు గారు. పొట్టి మనిషి. చేతిసంచిలో ఎప్పుడూ ఒక ఎర్ర పెన్ను ఉండేది. జైల్లో మొదటి రోజే వార్డర్లు ఆవిణ్ణి చూసి చొక్కా గుండీలు సర్దుకోవడం నేను గమనించాను.

సూపరింటెండెంట్ గారు చాలా మర్యాదస్తుడు. "రండి సార్, కూర్చోండి అమ్మా, ఫ్యాను వేయమంటారా, మజ్జిగ తెప్పించమంటారా" అంటూ పది నిమిషాలు మర్యాద చేసేవాడు. అందులో నటన లేదు. మంచివాడే. కానీ రిటైర్మెంటుకు రెండేళ్ళుంది, ఆ రెండేళ్ళూ ఎవరూ పారిపోకుండా గడిస్తే చాలునని ఆయన ముఖం మీదే రాసి ఉండేది.

విడి గదులు నాలుగున్నాయి. నలుగురు మనుషులు. వాళ్ళ సమీక్షల పుస్తకం అడిగితే వెంటనే తెచ్చి ఇచ్చాడు. మూడు నెలలకోసారి క్రమం తప్పకుండా తేదీ, సంతకం, వాటి పక్కన ఊదారంగు సిరాతో రబ్బరు ముద్ర. "మార్పు లేదు."

టీచరు గారు ఆ ముద్రను కళ్ళద్దాల దగ్గరకు తెచ్చుకుని చూసింది.

"ఇది ప్రత్యేకంగా చేయించారా అండి?"

"అవునమ్మా. ప్రతిసారీ అదే రాయడం ఎందుకని."

"మార్పు ఉంటేనో?"

"దానికి ముద్ర లేదమ్మా" అన్నాడు నిజాయితీగా.

ఆవిడ ఎర్ర పెన్ను తీసి తన పుస్తకంలో ఏదో రాసుకుంది. సూపరింటెండెంట్ గారు ఆ పెన్ను వైపు చూసిన చూపు, పదో తరగతిలో లెక్కలు తప్పినప్పుడు నేను చూసిన చూపే.

నలుగురిలో మూడో గదిలో ఉన్న మనిషి మీద మా చూపు ఆగింది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో బస్తాలు మోసేవాడు. మార్కెట్టులో జరిగిన కొట్లాటలో ఒక మనిషి చనిపోయాడు, ఇతనికి యావజ్జీవం పడింది. చేశానని అతనే ఒప్పుకున్నాడు. విడి గదిలో పెట్టింది మాత్రం అందుకు కాదు. కాపలా నుంచి ఒకసారి పారిపోయాడని. నాలుగేళ్ళుగా ఆ గదిలోనే ఉన్నాడు. పొద్దున్న అరగంట ఒక్కడే నడక, మిగతా సమయమంతా గోడలు. భోజనం తలుపు కింది సందులోంచి. తలుపు మీద ఎర్ర అక్షరాల బోర్డు.

"పారిపోతే కేసు పెట్టాలి కదండీ? ఆ కేసు కాగితం ఏది?" అంది టీచరు గారు, ఫైలు అటూ ఇటూ తిప్పి.

సూపరింటెండెంట్ గారూ తిప్పాడు. కేసు కాగితం లేదు. ఎస్కార్టుగా వెళ్ళిన పోలీసులు పంపిన అరపేజీ రిపోర్టు ఉంది. తప్పించుకున్నాడు, గాలించి పట్టుకున్నాం అని నాలుగు వరుసలు.

అప్పుడు నాకు ఊపొచ్చింది. రిటైరైన విలేకరికి ఎవరైనా ఆధారం లేకుండా దొరికితే వచ్చే ఊపు ఎలా ఉంటుందో మీకు ముందుముందు తెలుస్తుంది. కుర్చీలో ముందుకు జరిగి, మనిషిని నాలుగేళ్ళు గోడల మధ్య పెట్టడానికి అరపేజీ చాలదండి, నేనైతే ఇంత చిన్న ఆధారంతో సింగిల్ కాలమ్ వార్త కూడా వేయను, ఆధారమంటే చూసినవాడు చెప్పాలి, రెండో మనిషి అవునని ఒప్పుకోవాలి, ఇలా పావుగంట పాఠం చెప్పాను.

ఆయన ఓపిగ్గా విన్నాడు. "ఇంకో ఆధారం కూడా ఉందండి" అని ఫైలు చివర గుండుసూదితో గుచ్చిన కాగితం విప్పి బల్ల మీద పరిచాడు.

పేపరు కత్తిరింపు. జిల్లా పేజీ. ఐదు కాలమ్‌ల శీర్షిక: బేడీలతో కొల్లేరు ఈదిన ఖైదీ. కింద చిన్న అక్షరాలు: గంటల తరబడి గాలింపు, చాకచక్యంగా పట్టుకున్న పోలీసులు. దాని కింద రాసినవాడి పేరు.

నా పేరు.

"ఇది మీరు రాసిందే కదండీ సార్" అన్నాడు ఆయన. వెటకారం లేదు, నిజంగానే గౌరవంతో అన్నాడు. "దీన్ని చూసే పైవాళ్ళు విడి గది ఖాయం చేశారండి. చాలా వివరంగా రాశారు."

టీచరు గారు కత్తిరింపు చదివింది, నన్ను చూసింది, మళ్ళీ చదివింది. "చూసినవాడు చెప్పాలి. రెండో మనిషి అవునని ఒప్పుకోవాలి" అంది నెమ్మదిగా, నా గొంతుతోనే. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది. ఆవిడ ఎందుకు నవ్వుతోందో అర్థంకాక సూపరింటెండెంట్ గారు మజ్జిగ తెప్పించాడు.

అసలు జరిగింది చెబుతాను. నేను రిటైరవడానికి ఏడాది ముందు మాట. వర్షాలకు కొల్లేరు పొంగి మండవల్లి వైపు రోడ్ల మీద నీళ్ళు పారుతున్నాయి. ఆ సాయంత్రం అక్కడి వార్తలు పంపే మా కంట్రిబ్యూటరు ఫోన్ చేశాడు. సార్, పోలీసులు తీసుకెళ్తున్న ఖైదీ నీళ్ళలో పడి కనపడకుండా పోయాడు, తర్వాత చేపల చెరువు గట్టు మీద దొరికాడు, చేతులకు బేడీలున్నాయి. ఇంతే చెప్పాడు. మిగతాది నేను పూరించాను. రోడ్డు మీద పడ్డాడు. అవతలి గట్టు మీద దొరికాడు. మధ్యలో నీళ్ళు. అంటే ఈదాడు. కొల్లేటి ఒడ్డున పుట్టి పెరిగినవాడికెవరికైనా అదే తోస్తుంది. మా వైపు నడక కంటే ముందు ఈత వస్తుంది, నీళ్ళలో పడ్డవాడు ఒడ్డున తేలితే ఈదాడా అని ఎవరూ అడగరు. అడగాలని నాకూ తోచలేదు. డెస్కు నుంచి మర్నాడు ఫోన్: బ్రహ్మాండంగా వచ్చిందండీ! ఆ పేజీ చాలా రోజులు నా బల్ల అద్దం కింద ఉంది.

మేమిద్దరం మూడో గదికి వెళ్ళాం. తలుపు తీయించి లోపలే కూర్చుని మాట్లాడతామంది టీచరు గారు. వార్డరు సందేహించాడు. "బాబూ, నేను ఎనిమిదో తరగతి సి సెక్షను పదకొండేళ్ళు చూశాను" అంది. తలుపు తీశాడు.

లోపలి మనిషికి నలభై ఐదేళ్ళుంటాయేమో. వెడల్పాటి భుజాలు, వాటి మీద బస్తాలు మోసిన కాయ ఇంకా తగ్గలేదు. మమ్మల్ని చూసి లేచి, కూర్చోమనడానికి ఏమీ లేక చాప దులిపి పరిచాడు. మనుషులు గదిలోకి వచ్చి చాలాకాలమైనట్టుంది, మా చెప్పుల వంక కూడా ఆశగా చూశాడు.

"నీకు ఈత వచ్చా నాయనా?" అంది టీచరు గారు ముందుగా.

"ఈతాండీ?" అతను ఆశ్చర్యపోయాడు. "మాది గూడెం అండి. చిన్నప్పుడు కాలవలో మొలలోతు దాకా దిగేవాళ్ళం. ఒకసారి జారితే మా అమ్మ జుట్టు పట్టుకుని లాగి వీపు మీద నాలుగు వేసింది. మళ్ళీ దిగలేదండి."

ఆ అమ్మే పోయింది. ఆఖరి రోజుల్లో మండవల్లి దాటాక ఒక లంక ఊళ్ళో ఉండే కూతురి దగ్గర ఉండేది. పెద్దకర్మకు ఇతన్ని పోలీసు కాపలాతో పంపారు. తిరిగి వస్తుంటే రోడ్డు మీద నీళ్ళు. బస్సు ఆగిపోయింది. జనమంతా ఒక ట్రాక్టరు ట్రక్కులో ఎక్కారు.

"చేతులకు బేడీలు, బేడీలకు తాడు, తాడు చివర హెడ్డు గారు" అన్నాడు. "ట్రక్కు చక్రం రోడ్డు అంచు దిగేసిందండి. నేనూ హెడ్డు గారూ ఒకేసారి పడ్డాం. తర్వాత నాకు తెలిసింది గుర్రపుడెక్క ఒక్కటేనండి. పెద్ద దిబ్బలా ఉంది. దాన్ని కావలించుకుని పడుకున్నాను. అది ఎటు పోతే అటు పోయాను. చెరువు గట్టుకు కొట్టుకుంది."

"తర్వాత?"

"గట్టు మీద కాపలా మనిషి ఉన్నాడండి. టీ కాచుకుంటున్నాడు. నా బేడీలు చూసి టీ గిన్నె వదిలేసి మంచె ఎక్కేశాడు. బాబూ, నేనేం చేయను, కొంచెం ఫోన్ ఇయ్యి అన్నాను. పైనుంచే పడేశాడండి. రెండు చేతులూ కలిపి ఉన్నాయి కదా, నొక్కడం కష్టమైంది. హెడ్డు గారు మా చెల్లికి రాసిచ్చిన నంబరు గుర్తుంది నాకు. బస్తాల మార్కులు గుర్తుపెట్టుకున్న బుర్ర కదండీ. ఆయనకే చేశాను."

"పోలీసుకా చేశావు?" అన్నాను నేను.

"మరెవరికి చేస్తానండీ? నాకు తెలిసిన నంబరు అదొక్కటే."

ఈ సంగతి ఎవరికైనా చెప్పావా అని అడిగాం. చెప్పానండి, పేపర్లో వచ్చాక ఇంకేం చెబుతావురా అన్నారు, అన్నాడు. మొదట్లో పక్క గదివాళ్ళు అతనితో చాలా గౌరవంగా మాట్లాడేవారట. పెద్ద కైదీ అని. తర్వాత తర్వాత మాట్లాడడమే మానేశారు. ఇప్పుడు వార్డరు తలుపు కింద పళ్ళెం తోసేటప్పుడు ఒక మాట అంటాడేమోనని పళ్ళెం కంటే ముందు చెవి అక్కడ పెడతానన్నాడు. ఇది నవ్వుతూనే చెప్పాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను.

టీచరు గారు నా వంక చూసింది. పరీక్ష పేపరు తిరిగి ఇచ్చేటప్పుడు చూసే చూపు. నేను గొంతు సర్దుకుని, "ఆ పేపర్లో రాసింది నేనే" అన్నాను.

అతను కళ్ళు పెద్దవి చేశాడు. "మీరాండీ!" చాప మీద కొంచెం ముందుకు జరిగాడు. "చాలా బాగా రాశారండీ. ఒకాయన చదివి వినిపిస్తే నాకే భయం వేసింది."

నా ఉద్యోగ జీవితంలో నా రాతకు వచ్చిన మెచ్చుకోళ్ళు కొన్నున్నాయి. ఇదొక్కటే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మూడు నెలల సమీక్ష ఇంకో పన్నెండు రోజుల్లో ఉంది. అది దాటితే మళ్ళీ ఊదారంగు ముద్ర, మళ్ళీ మూడు నెలలు. అతని మాట ఒక్కటే చాలదని సూపరింటెండెంట్ గారు సున్నితంగా చెప్పాడు. "రేపు ఏదైనా జరిగితే నన్నడుగుతారండి. అతను చెప్పాడు, నేను నమ్మాను అంటే వింటారా?" నేను తప్పు రాశానని కాగితం ఇస్తానన్నాను. "మంచిదేనండి. కానీ మీరు చూడలేదని రాస్తారు. ఎవరు చూశారో వాళ్ళు చెప్పాలి కదా." నా పాఠం నాకే అప్పజెప్పాడు, పాపం తెలియకుండానే.

చూసినవాడు ఆ హెడ్డు గారే, అప్పటి హెడ్ కానిస్టేబులు. రిటైరై గుండుగొలనులో ఉంటున్నాడు. మూడో రోజు మేమిద్దరం బస్సెక్కి వెళ్ళాం. అరుగు మీద కూర్చుని దోమతెరకు కన్నాలు కుడుతున్నాడు. విషయం చెప్పగానే సూది ఆగిపోయింది.

"నాకేం గుర్తులేదండి. వయసు కదా."

"మీకు ఫోన్ చేశాడంటున్నాడు" అన్నాను.

"ఎన్నో ఫోన్లు వస్తాయండి."

లోపల్నుంచి ఆయన భార్య కాఫీ గ్లాసులు పట్టుకొచ్చింది. మా ముగ్గురికీ ఇచ్చి, గుమ్మంలోనే నిలబడింది. "ఏవండీ" అంది ఆయనతో, "ఆ గుర్రపుడెక్క మనిషేనా? మొన్న మా తమ్ముడింట్లో బారసాలకు కూడా చెప్పారు కదండీ ఆ కథ. వచ్చినవాళ్ళందరికీ చెబుతారు, వీళ్ళకు చెబితే ఏం?"

"నువ్వు లోపలికెళ్ళు."

"వెళ్తాను. ఫోన్లో ఏమన్నాడో ఆ ముక్క చెప్పండి ముందు. ఆ ముక్క దగ్గర మీరు ప్రతిసారీ కళ్ళజోడు తీసేస్తారు కదా, వాళ్ళూ చూస్తారు."

హెడ్డు గారు దోమతెర మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. ఆయన భయం మాకు తర్వాత అర్థమైంది. కోర్టు అనుమతి లేకుండా బేడీలు వేయకూడదు. వానలో, జనంలో, ఎందుకైనా మంచిదని వేశాడు. మనిషి మునిగిపోయి ఉంటే తన ఉద్యోగం పోయేది. బతికి దొరికాక, పడిపోయాడు అని రాస్తే బేడీల సంగతి అడుగుతారు, పారిపోయాడు అని రాస్తే వేయడమే మంచిదైందంటారు. అందుకని నాలుగు వరుసల రిపోర్టు. కేసు పెడితే కోర్టులో బయటపడుతుందని కేసు లేదు. మర్నాడు పొద్దున్న నా వార్త చూశాక ఇంక తాను చెప్పేదేమీ మిగల్లేదనుకున్నాడు.

"తాడు నేనే వదిలేశానండి" అన్నాడు చివరికి. "పట్టుకుని ఉంటే ఇద్దరం పోయేవాళ్ళం. రోడ్డెక్కి, వాడు పోయాడనే అనుకున్నాను. గంట తర్వాత ఫోన్ మోగింది. హెడ్డు గారూ, నేనిక్కడ గట్టు మీదున్నానండి, మీరు కంగారు పడకండి అన్నాడు." ఆగాడు. ఆవిడ చెప్పినట్టే కళ్ళజోడు తీసి దోమతెర మీద పెట్టాడు. "నేను కంగారు పడతానని చేశాడండీ వాడు."

"మరి వచ్చి చెబుతారా?" అంది టీచరు గారు.

"పింఛను ఆపేస్తేనో అమ్మా?"

ఆపరని మాటివ్వడానికి మేమెవరం? ఆవిడ అదే చెప్పింది. "తెలియదండి. ఆపకూడదని మేం రాస్తాం. అంతకంటే ఎక్కువ చెబితే అబద్ధమవుతుంది." ఆయన మళ్ళీ దోమతెర మీదకు వంగాడు. వస్తానని గానీ రానని గానీ అనలేదు. బస్టాపు దాకా నడుస్తుంటే ఆవిడ అంది, "రాడండి. పిల్లల్లో ఇలా తల దించుకున్నవాళ్ళు మర్నాడు స్కూలుకే రారు."

సమీక్ష రోజు వచ్చింది. సూపరింటెండెంట్ గారి గదిలో పొడుగు బల్ల. మధ్యలో జడ్జి గారు. ఈ సమీక్షలకు ఆయనే పెద్ద, ఇంతకుముందు పుస్తకం మాత్రమే ఆయన దగ్గరకు వెళ్ళేదట. తక్కువ మాట్లాడతారు. ఇటు మేమిద్దరం, అటు సూపరింటెండెంట్ గారు, ఆయన ముందు ఊదారంగు ముద్ర, సిరా అట్ట. మూడో గది మనిషిని తెచ్చి కూర్చోబెట్టారు. ఆ గదిలో ఒకేసారి అంతమందిని చూసి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

నేను రాసుకొచ్చిన కాగితం చదివాను. ఈ వార్త నేను చూసి రాయలేదు, అక్కడికి వెళ్ళలేదు, ఖైదీని గానీ కాపలా మనిషిని గానీ అడగలేదు, ఈదాడన్నది నా ఊహ. నాలుగు వాక్యాలు. పెద్ద పెద్ద వార్తలు గంటలో రాసినవాణ్ణి, ఇవి రాయడానికి రెండు రోజులు పట్టింది. జడ్జి గారు విని, "చూసినవారు ఎవరైనా ఉన్నారా?" అన్నారు.

నేను తల అడ్డంగా ఊపబోతున్నాను. వార్డరు వచ్చి బయట ఎవరో పెద్దాయన ఉన్నారన్నాడు.

ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో హెడ్డు గారు. ఆయన వెనక గేటు దగ్గర ఆయన భార్య. లోపలికి రానివ్వలేదు గానీ, ఆయన రాకపోతే ఆవిడే వచ్చేటట్టు ఉందని వార్డరు తర్వాత చెప్పాడు. ఆయన అలవాటుగా జడ్జి గారికి సెల్యూట్ కొట్టి, అరుగు మీద చెప్పిందంతా చెప్పాడు. బేడీల సంగతితో సహా. మధ్యలో ఒక్కసారి ఖైదీ వైపు తిరిగి, "ఏరా, బాగున్నావా" అన్నాడు. "ఉన్నానండి. మీరు చిక్కారండి" అన్నాడు అతను.

"ఇదంతా అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నారు జడ్జి గారు.

"అడగలేదండి ఎవరూ" అన్నాడు హెడ్డు గారు. "అందరూ పేపరు చదివేశారు."

బల్ల చుట్టూ ఎవరూ నా వైపు చూడలేదు. మర్యాద నాకు ఎప్పుడూ అంత బరువుగా అనిపించలేదు.

జడ్జి గారు ఖైదీని అడిగారు, నీకేం కావాలి అని. నియమాల ప్రకారం అడగాల్సిన ప్రశ్న అది. నాలుగేళ్ళలో ఎవరూ అడగలేదు. అతను బల్ల చుట్టూ ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినీ చూశాడు. "నలుగురితో కూర్చుని తినాలనుందండి" అన్నాడు.

అందరం సూపరింటెండెంట్ గారి వైపు చూశాం. ఆయన ముద్ర వైపు చూశాడు. నేను ఆయన్ను తప్పు పట్టను. కలం ఆయనది, రేపు సంజాయిషీ ఆయనది. "వీళ్ళు చెప్పినదంతా నా ఆర్డరులో రాసుకోవచ్చా అండి?" అని అడిగాడు. "రాసుకోవడం కాదు, రాయాలి. కొత్త పద్ధతి అదే" అన్నారు జడ్జి గారు. ఆయన ముఖం తేటపడింది. "కారణం కాగితం మీద ఉంటే నాకు ధైర్యం అండి" అని కుర్చీ దగ్గరకు లాక్కుని రాయడం మొదలుపెట్టాడు. ముప్పావు పేజీ సొంత చేతిరాత. టీచరు గారు పక్కనుంచి చదివి రెండు చోట్ల అక్షరదోషాలు ఎర్ర పెన్నుతో దిద్దింది. జడ్జి గారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. చట్టాలు ఎలా పనిచేస్తాయో అని పెద్ద వ్యాసాలు నేనూ రాశాను గానీ, భయపడే మంచివాడికి ఆనుకోవడానికి ఒక గోడ కట్టివ్వడం కూడా వాటి పనేనని ఆ రోజు చూశాను.

అంతా ఇలాగే జరిగిందనుకోకండి. మిగిలిన మూడు గదుల్లో ఇద్దరి కాగితాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. నాలుగో గది మనిషిని విడిగానే ఉంచాలని నేనే సంతకం పెట్టాను. రెండుసార్లు తోటివాళ్ళను పొడిచినవాడు, మూడోసారి పొడుస్తానని మా ముఖం మీదే చెప్పాడు. అతనికి పైన కిటికీ పెట్టించాం, వారానికోసారి తల్లితో ఫోను మాట్లాడించమన్నాం, సందు మూయించి మనిషి చేత్తో భోజనం ఇవ్వమన్నాం. ఫోను వచ్చే రోజు గడ్డం గీసుకుంటున్నాడని వార్డరు చెప్పాడు. హెడ్డు గారిని బేడీల గురించి సంజాయిషీ అడిగారు. ఇచ్చాడు. పింఛను ఆగలేదు. బారసాలల్లో చెప్పే కథకు ఇప్పుడు ఇంకో భాగం చేరిందని ఆయన భార్య ఫోన్లో చెప్పింది.

మా పాత పత్రికకూ వెళ్ళాను, సవరణ వేయమని. డెస్కులో ఒక అమ్మాయి, చాలా చురుకైంది, ఓపిగ్గా విని, "నాలుగేళ్ళ కిందటి దానికి ఇప్పుడు సవరణ ఏంటండీ సార్" అంది. తర్వాత లోపలి పేజీలో మూడు వరుసలు వేసింది. అసలు వార్త ఐదు కాలమ్‌లు. అయినా ఆ అమ్మాయికి నేను రుణపడి ఉన్నాను.

మరుసటి నెల జైలుకు వెళ్ళాం. మూడో గది ఖాళీగా ఉంది, బోర్డు తీసేశారు. అతన్ని పెద్ద బ్యారక్‌కు మార్చి, వంటశాలలో పని ఇచ్చారు. పొద్దున్నే ఉల్లిపాయల బస్తా విప్పి, కాంట్రాక్టరు పంపిన సరుకు నాసిరకమని వార్డరుకు పాఠం చెబుతున్నాడట.

సూపరింటెండెంట్ గారు మజ్జిగ ఇచ్చాక కొంచెం ఇబ్బందిగా కదిలాడు. "ఒక ఫిర్యాదు వచ్చిందండి. అతని మీదే."

టీచరు గారు గ్లాసు కింద పెట్టింది. ఆయన ఖైదీల ఫిర్యాదుల పుస్తకం తెరిచి మా వైపు తిప్పాడు. బ్యారక్‌లో పదకొండు మంది సంతకాలు, ఇద్దరి వేలిముద్రలు. ఆ మనిషి పొద్దున్న లేచింది మొదలు మాట్లాడుతూనే ఉన్నాడు, భోజనాల దగ్గర ఆపడు, మధ్యాహ్నం కాసేపు కునుకు తీద్దామంటే ఊరుకోడు, దయచేసి చర్య తీసుకోవలసింది.

సందర్శకులు విచారించి రాయాలని నియమం. వెళ్ళి చూశాం. వేప చెట్టు కింద పది మంది పళ్ళేలతో కూర్చున్నారు. మధ్యలో అతను, అన్నం కలుపుకోవడం మర్చిపోయి, ఎడమ చెయ్యి గాల్లో తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు వినీ వినకా తింటున్నారు. ఒకడు మాత్రం "తర్వాత?" అన్నాడు.

టీచరు గారు ఎర్ర పెన్ను నా చేతికిచ్చింది. ఫిర్యాదు కింద రాశాను: "విచారించాము. ఆరోపణ పూర్తిగా నిజం. స్వయంగా చూశాము. చర్య అవసరం లేదు."